ముందు నెల... తర్వాతే దీవి

రెంటచింతలలోనో రామగుండంలోనో ఒక్క మే నెల గడిపినవాళ్లను ‘ఎండ బాగా కాసే దీవికి వెళ్దాం రండి’ అని పిలిస్తే నవ్వుతారు. ఎండ కోసం ఎదురు డబ్బివ్వడమా! ఎండదీవి మోజు అసలు మనది కాదు. ఏడాదిలో సగం మబ్బు కింద, చలిలో గడిపే ఉత్తర ఐరోపా వాళ్లది. వాళ్ల కోసం తయారైన ప్రకటనలే తిరిగి తిరిగి మన ఫోన్లలోకి వచ్చాయి. సముద్రపు సెలవులో మనం కోరుకునేది వేరు. అడుగున ఇసుక కనిపించేంత తేటనీరు కావాలి. ఈత రానివాళ్లు కూడా పిల్లల చెయ్యి పట్టుకుని నడుములోతు దాకా దిగగలిగేంత నెమ్మది కావాలి. సెలవు పెట్టిన నాలుగు రోజులూ వాన పడకుండా ఉండాలి. ఈ మూడూ కుదిరిన చోట ఎండ ఎలాగూ ఉంటుంది.

చిక్కేమిటంటే, ఈ మూడింటినీ చూడకుండా మనం హోటల్ చూస్తాం. నీళ్ల మీద కట్టిన గది, అందులో తేలే పళ్లెంలో అల్పాహారం, పక్కన ఆఫర్ ధర. ఫొటోలో నెల కనిపించదు. ఫిబ్రవరిలో తీసిన ఫొటో చూసి జూన్‌లో వెళితే దీవి అదే, గది అదే, సముద్రం మాత్రం వేరు. ఆఫర్ ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

కాబట్టి లెక్క తిరగేద్దాం. పిల్లలున్న ఇంట్లో సెలవులు మూడే: సంక్రాంతి, వేసవి, దసరా. మన చేతిలో ఉన్నది ఈ మూడింట్లో ఏదో తేల్చుకుంటే, ఏ దీవికి వెళ్లాలో సగం తేలిపోయినట్లే.

మన తీరంలో లేనిదేమిటి?

ఇసుక, ఎండ, అలలే కావాలంటే విశాఖ రుషికొండ చాలు. శుభ్రతకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లోనే వచ్చింది దానికి. సూర్యలంక ఉంది, మైపాడు ఉంది. వీటిని వదిలి దీవికి ఎందుకు వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు నీళ్లలో ఉంది. గోదావరి, కృష్ణ, పెన్న తెచ్చే ఒండ్రుతో మన తీరపు నీరు ఎప్పుడూ కాస్త మట్టిరంగులోనే ఉంటుంది. బంగాళాఖాతంలో పుట్టిన అల అడ్డూ ఆపూ లేకుండా నేరుగా ఒడ్డుకొచ్చి విరుగుతుంది. అందుకే మనవాళ్లు సముద్రానికి వెళ్లి కాళ్లు తడుపుకుని వచ్చేస్తారు. అది పిరికితనమేమీ కాదు, తీరం అలాంటిది మరి.

పగడపు దీవి తీరు వేరు. నది ఉండదు, మట్టి ఉండదు. ఒడ్డుకు కొంతదూరంలో పగడపు దిబ్బ గోడలా నిలబడి అలను అక్కడే విరిచేస్తుంది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నిలకడగా ఉండే నీటినే లగూన్ అంటారు. తెల్లటి ఇసుక మీద లోతు తక్కువ నీరు పరుచుకుంటే వచ్చే రంగే ఆ లేతనీలం. ఆ ఇసుకలో చాలా భాగం చిలుకచేపల పని. పగడపు రాతిని గీరి తిని, పిండి చేసి విసర్జిస్తాయవి. పెద్దదైతే ఒక్క చేపే ఏడాదికి వందల కిలోల ఇసుక తయారుచేస్తుంది. కొత్త జంటలు చెప్పుల్లేకుండా నడిచే ఆ మెత్తటి తెల్లదనం ఎక్కడిదో వాళ్లకు చెప్పకపోవడమే మంచిదేమో.

ఇంకో చిన్న ముచ్చట. వికారాబాద్ అనంతగిరి కొండల్లో, ఆదిలాబాద్ నల్లరేగడి కింద కనిపించే నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా. భూమి లోపల ఆ లావాను ఎగదోసిన వేడిచోటు మీదుగానే మన భూఫలకం ఉత్తరానికి జరుగుతూ వచ్చిందనీ, ఆ దారిలో వరసగా లేచినవే లక్షద్వీప్, మాల్దీవులు, మారిషస్, రీయూనియన్ అనీ భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే మాల్దీవులకు ఎగిరే హైదరాబాదీ ఒక రకంగా దాయాదుల ఇంటికే వెళుతున్నాడు. అండమాన్ ఈ వరసలోది కాదు. మయన్మార్ కొండల కొనసాగింపు అది. అందుకే అక్కడ కొండలు, అడవులు, మడచెట్లు, వాటితోపాటు వానలు.

గాలి ఎటు వీస్తే...

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి. అక్టోబర్ చివర్లో అది తిరగబడి ఈశాన్యమవుతుంది. హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖకు ఇవతల ఉన్న దీవులన్నీ ఈ రెండు గాలుల చెప్పుచేతల్లోనే ఉంటాయి. గాలి తగిలే ఒడ్డున అల, వాన. దాని చాటున ఉన్న ఒడ్డున ఎండ, నెమ్మది.

ఇది కళ్లకు కట్టినట్లు తెలియాలంటే శ్రీలంకను చూడాలి. మధ్యలో ఉన్న కొండలు గాలిని రెండుగా చీలుస్తాయి. డిసెంబర్ నుంచి మార్చి దాకా నైరుతి తీరం, అంటే బెంటోట, హిక్కడువ, ఉనవతున, మిరిస్స తళతళలాడుతుంటాయి. జూన్‌లో అవే ఊళ్లలో ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. సరిగ్గా అప్పుడే అటువైపు తూర్పు తీరాన ట్రింకోమలి దగ్గరి నిలావెలి, ఉప్పువెలి, ఇంకాస్త దిగువన పాసికుడా అద్దంలా ఉంటాయి. నీలి తిమింగలాలను చూపించే పడవలు కూడా ఇదే వరసలో తీరం మారుతాయి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మిరిస్స, మే నుంచి ఆగస్టు దాకా ట్రింకోమలి. ఒకే దేశం, ఒకే వీసా, మధ్యలో కొన్ని గంటల రోడ్డు ప్రయాణం. అయినా ‘శ్రీలంక బీచ్ ప్యాకేజీ’ అని మే నెలలో బెంటోట అంటగట్టే ఏజెంట్లు ఉన్నారు. వేసవి సెలవుల్లో శ్రీలంక అంటే తూర్పు తీరం అడగండి. పాసికుడాలో ఒడ్డు నుంచి చాలా దూరం నడిచినా నీరు నడుము దాటదు. ట్రింకోమలిలో కోణేశ్వరస్వామి కొండ మీదున్నాడు కనుక ఇంట్లో పెద్దవాళ్లకూ అభ్యంతరం ఉండదు.

థాయ్‌లాండ్‌లోనూ ఇదే సంగతి, రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఫుకెట్, క్రాబీ, ఫీఫీ అండమాన్ సముద్రం వైపున్నాయి, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా బాగుంటాయి. కో సముయి అవతల సింధుశాఖ వైపుంది. దానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాన. వేసవిలో థాయ్‌లాండే కావాలనుకుంటే ఫుకెట్ మాని సముయి చూడాలి. మలేషియాలో లంకావి పడమట, పెర్హెంతియన్, రెడాంగ్ తూర్పున. తూర్పు దీవుల్లో హోటళ్లు చాలావరకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తలుపులే తెరవవు.

సంక్రాంతికైతే అండమాన్

‘అండమాన్ సముద్రంలో అల్పపీడనం...’ అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే మన టీవీల్లో రోజూ వినిపించే మాట. వరి కోతల మీదున్న రైతుకు గుండె గుభేలుమనే ఈ మాట, విచిత్రంగా, సెలవు ప్లాన్ చేసుకునేవాడి చెవిన పడదు. 2014 అక్టోబర్ 12న విశాఖను చితక్కొట్టిన హుద్‌హుద్ నాలుగు రోజుల ముందు దాటింది అండమాన్ దీవులనే. 2016 డిసెంబర్‌లో వాతావరణం చెడి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుంటే నౌకాదళం వెళ్లి తీసుకొచ్చింది. మనకంటే ముందు, కేరళకంటే కూడా ముందు నైరుతి రుతుపవనాలు తాకేదీ అండమాన్‌నే, మే మూడో వారానికల్లా. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే పోర్ట్‌బ్లెయిర్‌లో 3,000 దాకా పడుతుంది. ఆ వాన పెద్దగా లేని కాలం ఒకటుంది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. సంక్రాంతి సరిగ్గా అందులో పడుతుంది.

పేర్లతో ముందు తికమకపడతారు కాబట్టి చెప్పాలి. 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. పడవ టికెట్ల దగ్గర, హోటళ్ల దగ్గర పాతా కొత్తా రెండూ వాడుకలో ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ అరుదు. రెండున్నర రోజులు పడుతుంది. అది ప్రయాణం ఇష్టమున్నవాళ్లకే గానీ నాలుగు రోజుల సెలవు దొరికిన ఉద్యోగికి కాదు. పాస్‌పోర్టు అక్కర్లేదు, రూపాయి చెల్లుతుంది, పప్పన్నం దొరుకుతుంది. భాష సంగతి అంటారా, 2011 జనాభా లెక్కల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత అక్కడ ఎక్కువమంది మాతృభాష తెలుగే. నూటికి 13 మంది మనవాళ్లు. వాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం నుంచి వెళ్లిన కుటుంబాలు చాలా ఎక్కువ. బజారులో చేపల దగ్గర బేరం ఆడేటప్పుడు సిక్కోలు యాస వినిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇక్కడ గడియారం గురించి ఓ హెచ్చరిక. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ పక్క నుంచి వెళుతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే అక్కడి సూర్యుడు మన గడియారం కంటే నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఐదూ ముప్పావుకు పొద్దు గుంకితే పోర్ట్‌బ్లెయిర్‌లో ఐదింటికే గుంకుతుంది. స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ సూర్యాస్తమయానికి పేరుమోసిన బీచ్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైనదని మెచ్చుకుంది. ఇంటి అలవాటు ప్రకారం భోంచేసి, ఓ కునుకు తీసి, టీ తాగి ఐదున్నరకు అక్కడికి చేరేవాళ్లకు దక్కేది చీకటి, ఇసుక ఈగలు. మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడుండాలి. పొద్దున్నే ఐదున్నరకు లేచి కాలాపత్థర్ వైపు వెళితే సూర్యోదయం దొరుకుతుంది. రోజును గంట ముందుకు జరుపుకోవడం ఒక్కటి చేస్తే చాలు, సెలవు రెండింతలవుతుంది.

రాధానగర్ అందమైనది, పెద్దది, కానీ దానికి పగడపు దిబ్బ అడ్డు లేదు. అల ఉంటుంది. పగడాలు చూడాలంటే ఎలిఫెంట్ బీచ్‌కు పడవలో వెళ్లాలి. విజయనగర్ బీచ్ ముందున్న హోటళ్లలో దిగినవాళ్లు మరోరకంగా బిత్తరపోతారు. పాటు వేళ నీరు వందల అడుగులు వెనక్కిపోయి, రాళ్లూ పగడాలూ బయటపడి, మోకాలి లోతైనా దొరకదు. ఉదయం గది తలుపు తీస్తే నీలిసముద్రం, మధ్యాహ్నం తీస్తే బురదమడి. ఇదేమీ మోసం కాదు. పోటు వేళ అడగకుండా వెళ్లడం మన పొరపాటు. పున్నమికీ అమావాస్యకూ ఈ తేడా ఇంకా ఎక్కువ. మన మత్స్యకారులకు ఇది చెప్పనక్కర్లేదు. తిథి చూసి ముహూర్తాలు పెట్టుకునే మిగతా వాళ్లం సముద్రం దగ్గరకెళ్లేటప్పుడు మాత్రం తిథి చూడం.

మొసళ్ల బోర్డులు కనిపిస్తే నవ్వుకోకండి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో ఉప్పునీటి మొసలి ఒక పర్యాటకురాలిని చంపింది. మడచెట్లున్న వాగు సముద్రంలో కలిసే చోట ఈత వద్దు. పడవలు వాతావరణాన్ని బట్టి రద్దవుతాయి కాబట్టి తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే పడుకోండి. ఆ సాయంత్రం సెల్యులార్ జైలుకు సరిపోతుంది. డైవింగ్ చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. నీళ్ల అడుగున ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకెళ్లగానే బుడగలు కడుతుంది.

లక్షద్వీప్ గురించి 2024 జనవరిలో దేశమంతా మాట్లాడుకుంది. ప్రధాని అక్కడ దిగిన ఫొటోలు వచ్చిన వారంలో అక్కడికి టికెట్లు వెతికినవాళ్లు లక్షల్లో ఉండొచ్చు, వెళ్లినవాళ్లు ఎంతమంది? మొత్తం 36 దీవులు కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. మనుషులుండేవి పదే. తాగే నీటికే కటకట. కొచ్చి నుంచి అగత్తికి విమానం, లేదంటే రాత్రంతా ఓడ. అనుమతి పత్రం లేనిదే ఏదీ ఎక్కనివ్వరు. బంగారం దీవిలో తప్ప మద్యం లేదు. కద్మత్, మినికాయ్ లగూన్‌లంత తేటనీరు మన దేశంలో ఇంకెక్కడా లేదన్నది నిజమే. అయితే నెలల ముందే అనుమతికి పెట్టుకునే ఓపిక, గది ఎలా ఉన్నా సర్దుకునే గుణం ఉన్నవాళ్లకే అది. సౌకర్యాలు పెంచి జనాన్ని కుమ్మరించాలనేవాళ్లు ఆ 32 చదరపు కిలోమీటర్లను ఒకసారి తలుచుకోవాలి.

మాల్దీవుల్లో రెండు దేశాలు

మాల్దీవులకు వెళ్లొచ్చామని చెప్పే ఇద్దరు తెలుగువాళ్లు అసలు ఒకే దేశం గురించి మాట్లాడుతుండకపోవచ్చు. సుమారు 1,190 దీవులు. 1972లో కురుంబా అనే మొదటి రిసార్ట్ పెట్టినప్పటి నుంచి అక్కడ ఒక్కో రిసార్ట్‌కు ఒక్కో దీవి. అందులో ఊరు ఉండదు, కొట్టు ఉండదు. మంచినీళ్ల సీసా నుంచి రాత్రి భోజనం దాకా అన్నీ డాలర్ల లెక్కే. ఊళ్లున్న దీవులు రెండో దేశం. ఓ పదిహేనేళ్ల కిందట ప్రభుత్వం అనుమతించాక మాఫుషి, దిగురా, ఉకుల్హాస్ లాంటి చోట్ల జనం ఇళ్ల పక్కనే గెస్ట్‌హౌస్‌లు కట్టారు. అదే సముద్రం, అవే చేపలు, ఖర్చు మాత్రం అందులో చిన్న వంతు. అక్కడ మద్యం దొరకదు, ఈతదుస్తులకు వేరే బీచ్ కేటాయిస్తారు. ఈ రెండూ మన కుటుంబాలకు ఇబ్బందేమీ కాదు. శాకాహారులు మాత్రం ముందే చెప్పుకోవాలి. ట్యూనా చేప లేని పూట ఉండదక్కడ.

ధర చూసేటప్పుడు గది అద్దె ఒక్కటే చూస్తే దెబ్బతింటారు. రిసార్ట్ దూరంగా ఉంటే సీప్లేన్ కావాలి. దానికి మనిషికి వందల డాలర్లు. పైగా అది పగటిపూటే ఎగురుతుంది. సాయంత్రం మాలే చేరే విమానం చౌకగా ఉందని కొంటే ఆ రాత్రి విమానాశ్రయం పక్క హోటల్‌కు అదనంగా పెట్టాలి. 2025 జనవరి నుంచి గ్రీన్ ట్యాక్స్ కూడా రెట్టింపయింది. రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఊళ్లలోని చిన్న గెస్ట్‌హౌసుల్లో 6. ఇవన్నీ కలిపాక వచ్చే అంకెనే అసలు ధర అనుకోవాలి. భారతీయులకు వీసా ఉచితంగా దిగాకే ఇస్తారు. బ్యాగులో చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం పెట్టుకుని తిరిగే అలవాటు ఉంటే ఈసారికి ఇంట్లోనే ఉంచండి. పూజా విగ్రహాలు తీసుకెళ్లడం అక్కడ నిషేధం.

ఎండ డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. మే నుంచి అక్టోబర్ దాకా వానలు, గాలులు. అయితే అదే కాలంలో బా అటోల్‌లోని హనిఫారు దగ్గరికి మాంటా రే చేపలు గుంపులుగా వస్తాయి. గాలి తెచ్చే ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే చిన్న జీవులు, వాటి భోజనం. డైవింగ్ కుదరదు, పైన తేలుతూ చూడాల్సిందే. చేపల కోసం వెళ్లేవాళ్లకు వానాకాలమే సీజన్. ఫొటోల కోసం వెళ్లేవాళ్లకు కాదు.

వేసవిలో గీత దాటాలి

ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా స్కూళ్లకు సెలవులు. మనకు తీరిక దొరికేది అప్పుడే, చుట్టుపక్కల దీవులు చాలావరకు చెడేదీ అప్పుడే. శ్రీలంక తూర్పు తీరం, సముయి కాక ఇంకో మార్గం ఉంది: భూమధ్యరేఖ దాటడం. అవతల రుతువులు తిరగబడి ఉంటాయి.

మారిషస్ దక్షిణాన 20 డిగ్రీల మీద ఉంది. అక్కడ తుపానుల భయం ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. మన మే నెల వాళ్లకు చలికాలపు మొదలు. చలి అంటే వణికించేదేమీ కాదు. రెంటచింతల నుంచి వెళ్లినవాళ్లకు ఎవరో ఏసీ వేసినట్లుంటుంది. దీవి చుట్టూ దాదాపు 150 కిలోమీటర్ల పగడపు దిబ్బ ఉంది కాబట్టి లగూన్‌లకు కొదవ లేదు. మారిషస్‌లోనూ ఏ వైపో చూసుకోవాలి. ఏడాదంతా ఆగ్నేయం నుంచి వీచే గాలి జూలై, ఆగస్టుల్లో ఉద్ధృతంగా ఉంటుంది. అప్పుడు తూర్పున ఉన్న బెల్ మార్‌లో గది తీసుకుంటే జుట్టు సవరించుకోవడంతోనే సరి. పడమటి ఫ్లిక్ ఎన్ ఫ్లాక్, ఉత్తరాన ట్రూ ఓ బిష్, గ్రాండ్ బే కొండల చాటున హాయిగా ఉంటాయి. ‘నీటి అడుగున జలపాతం’ అని తిరిగే ఫొటో ఇక్కడిదే, లె మోర్న్ దగ్గరది. అది ఇసుక, నీటి లోతు కలిసి చేసే కనికట్టు. హెలికాప్టర్ నుంచే కనిపిస్తుంది. ఒడ్డున నిలబడి దాని కోసం వెతక్కండి.

మనకు మారిషస్ మరో విధంగా సొంత ఊరు. 1830ల నుంచి చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కారు కాబట్టి. ఆ రేవును 1839 ఉప్పెన తుడిచిపెట్టేసింది, పేరు మాత్రం సముద్రం అవతల మిగిలింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. అమ్మోరు పండగ చేస్తారు, సింహాద్రి అప్పన్నకు గుళ్లున్నాయి. బడిలో తెలుగు నేర్పుతారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. దుకాణంలో తెలుగులో పలకరిస్తారని మాత్రం ఆశపడకండి. ఇంటి పేర్లు మనవైనా వాడుక భాష క్రియోల్. కూలీలు మొదట అడుగుపెట్టిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. బీచ్ నుంచి ఒక్క పూట తప్పించుకుని ఆ మెట్ల దగ్గరికి వెళ్లి రండి.

బాలి కూడా గీతకు అవతలే, ఎనిమిది డిగ్రీలు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. నా మటుకు బాలి గొప్పదనం గుళ్లలో, వరిమడుల్లో ఉంది, బీచ్‌లో లేదు. కూటా, ఉలువాటు అలలు సర్ఫింగ్ చేసేవాళ్లవి. పిల్లలతో దిగాలంటే సనూర్, నుసా దువా. ఉత్తరాన లోవినా వైపు ఇసుక నల్లగా ఉంటుంది, అగ్నిపర్వతాల దీవి కదా. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పడమటి గాలి మోసుకొచ్చే ప్లాస్టిక్ చెత్త పడమటి ఒడ్డు బీచ్‌లను కమ్మేస్తుంది. సంక్రాంతికి బాలి ప్యాకేజీ కొనేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మార్చిలో వెళ్లాలనుకుంటే న్యెపీ ఎప్పుడో చూసుకోండి. మన శకమానంతో చుట్టరికమున్న వాళ్ల కొత్త సంవత్సరం అది. కొన్నేళ్లు ఉగాదితో కలిసి వస్తుంది. 2026లో రెండూ మార్చి 19నే. ఆ రోజు దీవంతా మౌనం. విమానాశ్రయం మూసేస్తారు, పర్యాటకులనూ హోటల్ గడప దాటనివ్వరు.

దసరా సంగతి చిన్నది. అండమాన్‌లో వాన పూర్తిగా తగ్గదు, ఫుకెట్‌లో అసలే తగ్గదు, శ్రీలంకలో సాయంత్రమయ్యేసరికి ఉరుములు. అక్టోబర్‌లో నమ్మదగినవి మారిషస్, బాలి. మారిషస్‌లో ఏడాదిలోకెల్లా తక్కువ వాన పడే నెల అదే. అంత దూరం వద్దనుకుంటే దసరాకు కొండలకు వెళ్లి, సముద్రాన్ని సంక్రాంతికి దాచుకోవడం నయం.

ఈత రానివాళ్లకు నాలుగు మాటలు

మనలో ఎక్కువమందికి ఈత రాదు. అది దాచుకోవాల్సిన విషయమేమీ కాదు, గది బుక్ చేసేటప్పుడే అడగాల్సిన విషయం. ‘బీచ్ ముందే ఉందా?’ అని అడిగితే ప్రతి హోటలూ ఉందనే అంటుంది. ‘హోటల్ ముందు పగడపు దిబ్బ ఉందా, పాటు వేళ ఎంత నీరుంటుంది, ఈ నెలలో గాలి ఏ వైపు?’ అని అడగండి. నీళ్లు నమిలితే ఇంకో హోటల్ చూసుకోండి.

అలలు రెండు పక్కలా విరుగుతూ మధ్యలో ఒక పట్టీ నిమ్మళంగా కనిపిస్తే అక్కడే దిగాలనిపిస్తుంది. అదే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీరంతా వెనక్కి పోయే దారి అది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. అలిసిపోకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. లగూన్‌లో కూడా రబ్బరు చెప్పులు తొడుక్కోండి. మారిషస్‌లో రాయిచేప రాయిలాగే కదలకుండా పడుంటుంది, దాని ముళ్లు విషం. స్నార్కెలింగ్‌లో వీపు కాలేది మనకు తెలియదు, నీరు చల్లగా ఉంటుంది కాబట్టి. పొడుగుచేతుల చొక్కా వేసుకుని దిగండి.

పగడాల రంగుల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. సముద్రం వేడెక్కి 1998, 2010, 2016, 2024లలో లక్షద్వీప్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయి. ప్రకటనలో కనిపించే ఎరుపు, ఊదా రంగులు చాలాచోట్ల పాత ఫొటోలవి. బతికున్నవాటి మీద కాలు పెట్టొద్దు. చచ్చినవాటిని, గవ్వలను బ్యాగులో వేసుకోవద్దు. పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయంలో పట్టుకుంటారన్న భయంతోనైనా సరే.

ఇన్ని చెప్పాక ‘అయితే ఎక్కడికి?’ అని అడుగుతారు. పిల్లలతో, ఇంట్లో పెద్దవాళ్లతో తొలిసారి వెళ్లేవాళ్లకైతే నా ఓటు జనవరిలో షహీద్ ద్వీప్‌కు. పక్కనున్న స్వరాజ్ ద్వీప్ కంటే చిన్నది, సందడి తక్కువ. కూరగాయలు పండించే దీవి కాబట్టి భోజనానికి లోటుండదు. ఊళ్ల పేర్లే సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. భరత్‌పూర్ బీచ్ జెట్టీ పక్కనే ఉంది, నీరు లోతు లేదు, ఈత రానివాళ్లు భయపడక్కర్లేదు. రెండు రాత్రులు చాలు. సంక్రాంతి వారంలో పడవ సీట్లు ముందే అయిపోతాయి. విమానం టికెట్ కొన్న రోజే అవి కూడా కొనేయండి.